'ఇంటికి' మనసులో ఎక్కడుంది?

చిరంజీవికి,

మాటల రూపాలను మనసు ఎలా దాచుకుంటుందన్న నీ వ్యాసం అందింది. "మనసు ఒక నిఘంటువు" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. నిఘంటువులో 'ఇల్లు' ఒక్కచోటే ఉంటుంది. వాడుకలో ఇంటికి, ఇంట్లో, ఇళ్ళు, ఇళ్ళల్లో. వీటిని దేనికది దాచుకుంటామా, 'ఇంటి' ఒక్కటి దాచుకుని 'కి', 'లో' లాంటి ప్రత్యయం అప్పటికప్పుడు తగిలిస్తామా? ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు. నువ్వు ఉదాహరణగా తీసుకున్న 'బల్ల' వద్దు. 'బల్లకి' అన్నప్పుడు ప్రకృతి (ప్రత్యయం తగిలే అసలు మాట) మారదు గనక సగం చిక్కు కనిపించదు.

భాషా శాస్త్రవేత్త జీన్ బెర్కో పిల్లలతో చేసిన 1958 ప్రయోగం మీద మరీ బరువు మోపావు. లేని జీవి బొమ్మకు 'వగ్' అని పేరు చెప్పి, రెండుంటే ఏమంటారని అడిగితే పిల్లలు 'వగ్స్' అన్నారు. బట్టీపట్టిన మాట కాదన్నంతవరకే అది తేల్చింది. నియమం వాడారా, తెలిసిన మాటల పోలిక పట్టుకున్నారా అన్నది తేలలేదు. 1986లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రూమెల్‌హార్ట్, మెక్‌క్లెలండ్‌ల కంప్యూటర్ నమూనా ఏ నియమమూ రాసిపెట్టకుండానే ఇంగ్లీషు భూతకాల రూపాలు నేర్చుకుంది (వింత తప్పులూ చేసిందిలే).

మన పాఠకుడికి ఇంగ్లీషు కన్నా ఫిన్నిష్ దగ్గర, అదీ తెలుగులాగే మాట చివర ప్రత్యయాలు తగిలించే భాష గనక. 15 విభక్తులు, వాటికి తోడు వచనం, 'నా', 'నీ' అని చెప్పే ప్రత్యయాలు. ఒక్క నామవాచకానికే రూపాలు వేలల్లోకి పోతాయి. ప్రయోగాల్లో ప్రత్యయం ఉన్న మాటను గుర్తుపట్టడానికి లేనిదానికన్నా ఎక్కువ సమయం పట్టింది. విడదీస్తున్నారన్నమాట. బాగా వాడుకలో ఉన్న రూపాలకు మాత్రం ఆ ఆలస్యం తగ్గిపోతుంది. ఈ మెలిక నీ వ్యాసంలో లేదు, ఉండితీరాలి.

అరబీ 'కితాబ్' (పుస్తకం), 'కాతిబ్' (రాసేవాడు) ఉదాహరణ తీసెయ్. ధాతువు నుంచి కొత్త మాట పుట్టడం వేరే సంగతి.

ఇక నువ్వు తలపెట్టిన తెలుగు ప్రయోగం. తెర మీద మాట చూపించి, నిజమైనదా కాదా అని మీట నొక్కించి, మిల్లీసెకండ్లలో కొలవడం బాగుంది. కానీ నీ ఉత్తుత్తి మాటలకు ప్రత్యయాలే లేవు. చదివేవాడు చివర 'కి' చూసి 'నిజమే' అని నొక్కేస్తాడు, ప్రకృతి జోలికే పోడు. అసలు మాటల్లో ఎన్నిటికి ప్రత్యయం ఉందో, 'బొల్మకి' లాంటివాటిలోనూ అన్నిటికి ఉండాలి. అక్షరాల సంఖ్య, ఒత్తులు రెండువైపులా సరిపోలాలి. 'ఇంటికి' ఎంత తరచుగా వస్తుందో ఒక లెక్క, ఇల్లు రూపాలన్నీ కలిపి ఇంకో లెక్క కట్టు. మొదటిది సమయాన్ని మారిస్తే మొత్తంగా దాచుకున్న జాడ, రెండోది మారిస్తే విడదీసిన జాడ. 'ఇల్లుకి' లాంటి తప్పు రూపాలు కొన్ని కలుపు. వాటిని కాదనడానికి 'బొల్మకి' కన్నా ఎంత ఎక్కువ సేపు పట్టిందో విడిగా రాసిపెట్టుకో.

శుభం.