ఎబోలా మీద పని చేస్తానంటోంది మా అమ్మాయి, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎబోలా లాంటి ప్రమాదకరమైన వైరస్‌ల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. మాకేమో ప్రాణభయం. అసలు మన దేశంలో అలాంటి ఉద్యోగాలున్నాయా? ఏం చదివించాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఉద్యోగాల సంగతి. ఎబోలా పేరుతో మన దగ్గర నోటిఫికేషన్ పడదు. అది ఆఫ్రికాలో పుట్టిన జబ్బు. 1976లో ఇప్పటి డీఆర్ కాంగో, అప్పటి జైర్‌లోని యంబుకులోనూ సూడాన్‌లోనూ తొలిసారి బయటపడింది. 2014–16లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. మనకు దానితో సంబంధమే లేదని మాత్రం అనుకోకండి. 2014 నవంబరులో లైబీరియాలో చికిత్స పొంది కోలుకున్న ఒక యువకుడు తిరిగొస్తే, ఢిల్లీ విమానాశ్రయంలోనే విడిగా ఉంచి పరీక్షించారు. రక్తంలో వైరస్ లేదు, వీర్యంలో మాత్రం ఆనవాళ్లు దొరికాయి. ఇలాంటి నమూనా వచ్చిన రోజున తేల్చి చెప్పగలిగే మనుషులు దేశంలో ఉండాలి. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ పనే.

అయితే ఆ పనిలో రోజూ చేతికొచ్చేవి వేరు. ఎబోలాలాగే ఒంట్లో రక్తం కారేలా చేసే జ్వరాలు, అంటే రక్తస్రావ జ్వరాలు, మన సొంతవి మనకున్నాయి. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో బయటపడిన క్యాసనూర్ అటవీ జ్వరం ఇప్పటికీ పడమటి కనుమల్లో ఏటా వస్తూనే ఉంది. అడవిలో కోతులు చచ్చిపోవడం, గోమార్లు కుట్టడం దాని తొలి హెచ్చరికలు. 2011 జనవరిలో గుజరాత్‌లో క్రిమియన్-కాంగో జ్వరం బయటపడినప్పుడు రోగితో పాటు ఆమెకు చికిత్స చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. కేరళలో నిఫా ఉంది. అది రక్తస్రావ జ్వరం కాదు గానీ దాన్ని పెంచి పరిశోధించేది ఎబోలాకు వాడేలాంటి అత్యంత కట్టుదిట్టమైన ల్యాబుల్లోనే. ఇక డెంగీ సరేసరి. మీ అమ్మాయి ఎబోలాకు చేరుకునేది వీటి మీదుగానే. నేరుగా వెళ్లే దారి లేదు, వెతుక్కుంటూ ఏళ్లు పోగొట్టుకోవద్దు.

ఎంబీబీఎస్ చేసి, ఎండీ మైక్రోబయాలజీ మీదుగా వెళ్లే దారి కూడా ఉంది. బీఎస్సీ పూర్తవుతున్న దశలో మళ్లీ నీట్ మొదటి నుంచి మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను. శాస్త్రవేత్త దారిలో ఆమె ఇప్పటికే మూడేళ్లు ముందుంది.

ఎమ్మెస్సీకి మొదట చూడాల్సినవి రెండు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ, అంటే ఎన్ఐవీ, పుణే విశ్వవిద్యాలయంతో కలిసి ఎమ్మెస్సీ వైరాలజీ నడుపుతోంది. దేశంలో మనుషులకు సోకే వైరస్‌ల కోసం ఉన్న బీఎస్ఎల్-4 ల్యాబు, అంటే అత్యున్నత భద్రత గల ల్యాబు, ఆ సంస్థదే కాబట్టి పోటీ గట్టిగా ఉంటుంది. రెండోది మీకు దగ్గర్లోనే, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీ విభాగం. రెండు చోట్లా రాకపోతే మామూలు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయినా సరే, ఆ కాలేజీకి మీరే వెళ్లి మూడు సంగతులు అడగండి. కణాలు పెంచే గది ఉందా, వైరస్ పెంచడానికి వాడే వీరో కణాలు (కోతి మూత్రపిండపు కణాలు) ఇప్పుడు నడుస్తున్నాయా? వైరస్ జన్యుపదార్థాన్ని పట్టిచ్చే రియల్ టైమ్ పీసీఆర్ యంత్రం మీద విద్యార్థి తన చేత్తో ఎన్నిసార్లు పరీక్ష పెడతాడు? ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు ఆరు నెలలు బయటి ల్యాబులో చేయనిస్తారా? "డెమో చూపిస్తాం" అన్నారంటే మరో కాలేజీ చూసుకోండి. ఎమ్మెస్సీలో తొంభై శాతం మార్కులు తెచ్చుకుని, పిపెట్ సరిగ్గా పట్టలేక ఇంటర్వ్యూలో ఆగిపోయే పిల్లలు చాలామంది. రెండు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సుల మీద డబ్బు పెట్టకండి, ఎంపిక చేసేవాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోరు.

ఎమ్మెస్సీ తర్వాత ఒకటి రెండేళ్లు వీఆర్‌డీఎల్‌లో పని చేయమని నా గట్టి సలహా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో నడిచే వైరస్ పరీక్షా కేంద్రాలివి. హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలలో ఉంది, తిరుపతి స్విమ్స్‌లో ఉంది. కాంట్రాక్టు ఉద్యోగాలే. ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్-3 స్థాయిలో నెలకు సుమారు 28,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. జీతం కోసం కాదు, అక్కడ పడే అలవాట్ల కోసం వెళ్లాలి.

ఏం అలవాట్లో ఒకటి దగ్గరగా చూపిస్తాను. అనుమానిత రోగి రక్తం ఊదా మూత ఉన్న, రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ వేసిన ప్లాస్టిక్ గొట్టంలో వస్తుంది. గాజు పనికిరాదు, పగిలితే కోసుకుంటుంది. లీకవని రెండో డబ్బా, గట్టి మూడో పెట్టె, ఇలా మూడు పొరల్లో ప్యాక్ చేసి 2–8 డిగ్రీల చలిలో పంపుతారు. కట్టుదిట్టమైన ల్యాబులో, భద్రతా క్యాబినెట్ లోపల, 140 మైక్రోలీటర్ల ప్లాస్మాకు (రక్తంలోని ద్రవభాగం) 560 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్, అంటే వైరస్ పొరను చీల్చే ద్రావణం, కలిపి పది నిమిషాలు ఉంచుతారు. తర్వాత మరో 560 మైక్రోలీటర్ల ఆల్కహాల్ పోస్తారు. వైరస్ చచ్చేది ఈ రెండూ కలిసినప్పుడు. బఫర్ ఒక్కటే చాలని ఆల్కహాల్ పోయకముందే గొట్టం బయటికి తెస్తే అది ప్రాణాంతకమైన తప్పు. ఇంకొకటి, ఆ బఫర్‌లో గ్వానిడీన్ లవణం ఉంటుంది. ఒలికిందని అలవాటు కొద్దీ బ్లీచ్ పోస్తే విషవాయువు వస్తుంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఇదొకటి.

ఆ తర్వాత పీసీఆర్. మిశ్రమం కలిపే గది, నమూనాలోంచి తీసిన ఆర్ఎన్ఏ (వైరస్ జన్యుపదార్థం) చేర్చే గది, యంత్రం ఉన్న గది వేర్వేరు. నడక ఎప్పుడూ ఒకే దిశలో. యంత్రం గదిలోంచి అదే కోటుతో మొదటి గదిలోకి అడుగుపెడితే లేని జబ్బు ఉన్నట్టు ఫలితం రావచ్చు. తప్పుడు పాజిటివ్ ఒక్కటి చాలు, ఒక ఊరంతా హడలిపోతుంది. దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది. ఎబోలాలో జ్వరం మొదలైన 72 గంటల లోపు తీసిన రక్తంలో నెగెటివ్ వస్తే దాన్ని నమ్మి రోగిని ఇంటికి పంపకూడదు, మళ్లీ తీయాలి. యంత్రం నడపడం వారంలో వస్తుంది. ఏ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియడానికి మాత్రం రెండేళ్లు పడుతుంది. అందుకే వీఆర్‌డీఎల్ అంటున్నాను.

ఇక పీహెచ్‌డీ. పరిశోధక విద్యార్థులకు నెలనెలా భత్యం తెచ్చిపెట్టే సీఎస్ఐఆర్-నెట్ లేదా ఐసీఎంఆర్, డీబీటీ జేఆర్‌ఎఫ్ పరీక్ష దాటితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. ఎన్ఐవీ మాత్రమే కాదు, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా మంచి చోటు. శాశ్వత శాస్త్రవేత్త ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. పెళ్లి ఆలోచన ఉంటే ఇప్పుడే మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి, సగంలో మాన్పించడం కంటే అది మేలు.

ఇప్పుడు మీ భయం. అర్థం లేనిది కాదు. 1967లో జర్మనీలోని మార్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలోనూ బెల్‌గ్రేడ్‌లోనూ కోతుల కణజాలంతో పని చేసిన ల్యాబు సిబ్బందితో మొదలై 31 మందికి ఎబోలాకు దగ్గరి చుట్టమైన మార్‌బర్గ్ వైరస్ సోకింది, ఏడుగురు చనిపోయారు. 2004లో రష్యాలో ఒక పరిశోధకురాలు ఎబోలా సోకిన గినీపిగ్‌తో పని చేస్తూ సూది గుచ్చుకుని మరణించారు. ఆ ప్రమాదాల నుంచే ఇప్పటి నియమాలు పుట్టాయి. బీఎస్ఎల్-4లో గాలి నింపిన సూటు వేసుకుంటారు. లోపలి గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిన్న చిరుగు పడినా గాలి బయటికే పోతుంది. లోపలికి వెళ్లే ముందు ప్రతిసారీ సూటు ఉబ్బించి లీకులు చూస్తారు. బయటికొచ్చేటప్పుడు సూటు మీదే రసాయన స్నానం, తర్వాత మామూలు స్నానం. ఒంటరిగా పని చేయనివ్వరు. సూదులు వీలైనంత వాడరు, వాడినా మూత తిరిగి పెట్టరు. ల్యాబులో భయపడాల్సింది గాలికి కాదు, సూదికి, అలసటకు, తొందరకు. మీ అమ్మాయి ఇంట్లో ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. చెప్పిన వరుస తప్పకుండా, విసుగు లేకుండా అదే పనిని వందసార్లు చేసే గుణం ఉందా? ఇరుకు చోట్లంటే ఊపిరాడనట్టు అవుతుందా? మొదటిది లేకపోయినా, రెండోది ఉన్నా, ఇదే చదువుతో టీకాల తయారీ వైపు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఆ అవకాశాలు బోలెడు.

టీకా మాట వచ్చింది కాబట్టి, 2019లో యూరప్‌లోనూ అమెరికాలోనూ అనుమతి పొందిన ఎర్వెబో జైర్ రకం ఎబోలాకే పని చేస్తుంది. 2022లో ఉగాండాలో సూడాన్ రకం వచ్చినప్పుడు దాన్ని వాడే వీలు లేకపోయింది. రాబోయే ఇరవై ఏళ్ల పని అక్కడ మిగిలే ఉంది.

విదేశాల సంగతి పీహెచ్‌డీ తర్వాతే. జర్మనీలోని మార్‌బర్గ్, ఫ్రాన్స్‌లోని లియోన్, అమెరికాలోని గాల్వెస్టన్ పేరున్న చోట్లు. అమెరికాలో ఈ వైరస్‌లు ముట్టాలంటే ముందు ఎఫ్‌బీఐ భద్రతా పరిశీలన దాటాలి, దానికి సమయం పడుతుంది.

ఈ వేసవిలో చేయాల్సింది: ఏపీ పీజీసెట్‌కు దరఖాస్తు, ఎన్ఐవీ ప్రవేశ ప్రకటన మీద కన్ను, హెపటైటిస్-బి టీకా మూడు డోసులు. ఏ ల్యాబులోనైనా రక్తం ముట్టుకునే ముందు అడిగేది ఆ టీకా కార్డే, మూడు డోసులకూ ఆరు నెలలు పడుతుంది కాబట్టి మొదటిది ఈ నెలలోనే వేయించండి.