సూట్‌కేస్ ప్లేయర్ నుంచి మంచి టర్న్‌టేబుల్‌కి మారాలంటే డబ్బు ముందు దేని మీద పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంట్లో పెద్దవాళ్లు కొన్న తెలుగు ఎల్పీలు (పెద్ద రికార్డులు), ఈపీలు (చిన్నవి), కొన్ని 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) ఉన్నాయి. సూట్‌కేస్ ప్లేయర్ మీద వేస్తే ప్రతి ఎల్పీలోనూ చివరి పాట బొంగురుపోతోంది, ‘స’, ‘శ’ అక్షరాలు చీలిపోతున్నాయి. లోపం రికార్డుదా, ప్లేయర్‌దా, ఏది మార్చాలి అని అడిగారు.

ప్రతి ఎల్పీలోనూ చివరి పాటే చెడుతోందంటే ముందు అనుమానించాల్సింది ముల్లునే. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది కానీ, అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు జరుగుతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అంత శబ్దమూ సగం కన్నా తక్కువ చోటులో ఇమడాలి. సూట్‌కేస్ ప్లేయర్లలో ఉండే సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ముల్లు మొన గుండ్రంగా ఉంటుంది, ఆ సన్నని మెలికల్లోకి దిగలేదు. పైగా తరచు 5 గ్రాముల పైన బరువు మోపుతుంది. మంచి మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. అందుకే, కొత్త ప్లేయర్ వచ్చేదాకా ఇష్టమైన రికార్డులు దాని మీద వేయకండి. గాడి ఒకసారి అరిగితే తిరిగి రాదు.

డబ్బు పెట్టే వరుస నా దృష్టిలో ఇది: ముందు ముల్లు, దాని అమరిక, తర్వాత రికార్డులు కడగడం, ఆ తర్వాతే పెద్ద పేరున్న డెక్, అంటే టర్న్‌టేబుల్. మీ దగ్గర 78లు ఉన్నాయి కాబట్టి ఎంపిక సులువవుతుంది. ఆడియో టెక్నికా ఏటీ-ఎల్పీ60ఎక్స్ తక్కువలో వస్తుంది కానీ దానికి 78 వేగం లేదు, బరువు సర్దుకునే వీలు లేదు, కార్ట్రిడ్జ్ మార్చలేరు. రేగా ప్లానార్ 1 వినడానికి చాలా బాగుంటుంది, అదీ 33, 45 మాత్రమే. ఆడియో టెక్నికా వాళ్లదే ఏటీ-ఎల్పీ120ఎక్స్‌లో మూడు వేగాలూ ఉన్నాయి, డైరెక్ట్ డ్రైవ్ కాబట్టి బెల్టు గొడవ లేదు, హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే చిన్న పలక) ఊడి వస్తుంది, వీఎం95ఈ కార్ట్రిడ్జ్ బిగించే ఇస్తారు. మీకు నేను చెప్పేది ఇదే.

వీఎం95 వరుసలో అసలు సుఖం ఏమిటంటే, కార్ట్రిడ్జ్ ఒళ్లు అలాగే ఉంచి ముల్లు మాత్రం లాగి మరొకటి గుచ్చుకోవచ్చు. చివరి పాటల బాధ పూర్తిగా పోవాలంటే వీఎం95ఎంఎల్ ముల్లు కొనండి. దాని మైక్రోలీనియర్ (చాలా సన్నగా చెక్కిన) మొన లోపలి గాడుల్లో కూడా ‘శ’ను ‘శ’గానే పలికిస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ కంపెనీ లెక్కలో వీఎం95ఈ ఆయుష్షు 300 గంటలైతే దీనిది 1000. ఒక వైపు 20 నిమిషాలు అనుకుంటే 300 గంటలంటే 900 వైపులు. రోజూ వినేవాళ్లకు ఖరీదైనదే చివరికి చవక.

ఇక అమరిక. చాలామంది పెట్టెలోంచి తీసి నేరుగా వాయించేస్తారు, ఇక్కడే సగం ఆనందం పోతుంది. డెక్ పలక సమంగా ఉందో లేదో ముందు లెవెల్ పెట్టి చూడండి. యాంటీ స్కేట్ (ముల్లు మధ్యకు లాగబడకుండా ఆపే బిళ్ల) సున్నాలో ఉంచి, ముల్లు తొడుగు తీసి, వెనక బరువును తిప్పుతూ టోన్ ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ) గాలిలో అడ్డంగా తేలేటట్టు చేయండి. అప్పుడు బరువు కదలకుండా ముందున్న అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తిప్పాలి. తర్వాత బరువునూ చక్రాన్నీ కలిపి 2కి తిప్పండి. యాంటీ స్కేట్ కూడా 2కి. అంకెల చక్రం కొంచెం అటూ ఇటూ చూపిస్తుంటుంది, కాబట్టి ముల్లు బరువు కొలిచే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోవడం మంచిది. బరువు తగ్గిస్తే రికార్డుకి మేలని 1.5కి దించేవాళ్లున్నారు. అది తప్పు. తేలికైన ముల్లు గోడల మధ్య ఎగిరిపడి గాడిని ఇంకా పాడు చేస్తుంది.

తర్వాత ప్రొట్రాక్టర్, అంటే కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గళ్ల కార్డు. స్పిండిల్ (డెక్ మధ్యలో ఉండే చీల) నుంచి 66.0 మి.మీ., 120.9 మి.మీ. దూరాల్లో ఉన్న రెండు చుక్కల మీదా ముల్లు దించి చూసినప్పుడు కార్ట్రిడ్జ్ పక్కలు గళ్ల గీతలకు సమాంతరంగా ఉండాలి. ఒక చుక్క దగ్గర కుదిరి రెండో దగ్గర కుదరకపోతే స్క్రూలు వదులు చేసి కార్ట్రిడ్జ్‌ని హెడ్‌షెల్‌లో ముందుకో వెనక్కో ఒక మిల్లీమీటరు జరపండి. కాగితం మీద ప్రింట్ తీసుకుంటే స్కేలుతో కొలిచి చూడండి, ప్రింటర్ పేజీకి సరిపెట్టడానికి కుదించేస్తుంది. కార్ట్రిడ్జ్ వైర్లు ఊడితే ఎరుపు, ఆకుపచ్చ కుడివి. తెలుపు, నీలం ఎడమవి.

ఈ డెక్‌లో ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) లోపలే ఉంది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, ప్రీయాంప్ దాన్ని మళ్లీ సరిచేస్తుంది. యాంప్లిఫయర్‌లో ఫోనో ఇన్‌పుట్ వాడితే డెక్ స్విచ్ ఫోనోలో, మామూలు ఇన్‌పుట్ వాడితే లైన్‌లో పెట్టండి. రెండు ప్రీయాంప్‌లూ కలిస్తే శబ్దం గుబగుబలాడి చీలుతుంది, ఒక్కటీ లేకపోతే నీరసంగా, బేస్ లేకుండా వస్తుంది. ఫోనో ఇన్‌పుట్ వాడుతుంటే గ్రౌండ్ తీగ యాంప్లిఫయర్‌కి కలపండి, గుయ్‌మనే హమ్ వస్తే మొదట చూడాల్సింది ఆ తీగనే. స్పీకర్లున్న బల్ల మీద మాత్రం డెక్ పెట్టకండి.

ఇవన్నీ కుదిరాక మీ పాత ఈపీలు మళ్లీ వినండి. పద్యం ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి, హార్మోనియం బెల్లోస్ కదలిక, తబలా డగ్గా మీద అరచేయి ఒత్తిడి వినిపిస్తాయి. ఆ శబ్దం ఇన్నేళ్లూ గాడిలోనే ఉంది. ఒక వైపు వేశాక పాట దాటేయడం కుదరదు కాబట్టి, ఎవరూ గుర్తు పెట్టుకోని మూడో పాట కూడా చెవిన పడుతుంది. నాకు రికార్డుల్లో అన్నిటికన్నా నచ్చేది అదే. ఇంకొక మాట: మోనో రికార్డులకు యాంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కండి. మోనో పాట గాడి పక్కలకు ఊగడంలోనే ఉంటుంది, పైకీ కిందకీ ఊగేదంతా దుమ్ము, గీతల చప్పుడు. మోనో నొక్కితే అది చాలా వరకు కొట్టుకుపోతుంది.

78లకు వేరే ముల్లు తప్పనిసరి. వీఎం95ఎస్పీ అని 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మొనతో దొరుకుతుంది, అదే కార్ట్రిడ్జ్‌కి గుచ్చుకుంటుంది, బరువు 5 గ్రాములు పెట్టాలి. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది వెడల్పాటి గాడి అడుక్కు జారి దుమ్మును గీకుతుంది. పైగా లక్కలో కలిపిన రాతిపొడి ఆ సన్నని వజ్రాన్ని తొందరగా అరగదీస్తుంది. 78 ముల్లు ఎల్పీ మీద ఎప్పుడూ దించకండి, ముల్లు మార్చినప్పుడల్లా బరువు కూడా మార్చండి.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, లీటరుకి రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ చాలు. గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. లేబుల్ తడవకూడదు. కోస్తా ఊళ్లలో ఉన్న రికార్డుల మీద తెల్లని బూజు చుక్కలుంటాయి, వాటిని రెండుసార్లు కడగాలి. కవరు లోపలి కాగితం పారేసి కొత్తది వేయండి, లేదంటే బూజు మళ్లీ అంటుకుంటుంది. వినైల్‌కి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపినా ఫర్వాలేదు కానీ 78లకు ఒక్క చుక్క కూడా వద్దు. అవి లక్కతో చేసినవి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

అమెరికాలో ఉన్న బంధువులు పాత డెక్ తెస్తామంటే మోటార్ ఏదో అడగండి. 60 హెర్ట్జ్ కరెంటుకి చేసిన ఏసీ సింక్రనస్ మోటార్ మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, 33⅓ కాస్తా 28 కన్నా తక్కువవుతుంది. వోల్టేజ్ కన్వర్టర్ పెట్టినా ఫ్రీక్వెన్సీ మారదు, 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితేనే పని జరుగుతుంది. డీసీ అడాప్టర్‌తో నడిచే వాటికి ఈ బాధ లేదు. ఏ డెక్ అయినా వేగం సరిచూసుకోవడానికి లేబుల్ మీద చిన్న కాగితం ముక్క పెట్టి లెక్కపెట్టండి: 33⅓ దగ్గర 3 నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి.