పేరుకు తొందరపడకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

బ్రెజిల్‌లోని సెర్రా డో మార్ కొండవాగులో దొరికిన స్టోన్‌ఫ్లై, అదే చిన్నప్పుడు నీళ్లలో పెరిగే ఆ రెక్కల పురుగు, కొత్త జాతే అనిపిస్తోందని రాశావు. చదివి చాలా సంతోషించాను. కానీ పేరు ఆలోచించడం కొన్నాళ్లు ఆపు. అది చేరే అనాక్రోన్యూరియా ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఇప్పటికే 300కు పైగా జాతులున్నాయి, పైకి చూస్తే చాలావరకు అక్కచెల్లెళ్లలా ఉంటాయి.

తేడా బాగా తెలిసేది మగపురుగు జననాంగంలో. పొట్ట చివర కత్తిరించి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టు. కండ కరిగిపోయాక లోపలి గట్టి భాగాన్ని తీసి పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి చూసి బొమ్మ గియ్యి. ఫొటోలు చాలవా అంటావేమో. చాలవు. గీసేటప్పుడు ప్రతి అంచు దగ్గరా ఆగి, ఇది మడతా, గట్టా అని తేల్చుకోవాల్సి వస్తుంది. జాతిని నిజంగా చూసేది అప్పుడే.

ఇక పాత వర్ణనలు. ఈ ప్రజాతికి చెక్ కీటకశాస్త్రవేత్త క్లాపాలెక్ పేరు పెట్టింది 1909లో. పాతవాటిలో ఆడపురుగును మాత్రమే చూసి రాసినవీ ఉన్నాయి. నువ్వు కొత్తదనుకుంటున్న మగపురుగు వాటిలో ఒకదానికి జోడీ అయితే? నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే ప్రశ్న ఇదే. అందుకే ఆ వాగుకే మళ్లీ వెళ్లు. పొద్దుగుంకగానే ఒడ్డున తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టు, వెలుగుకు పెద్దపురుగులు వచ్చి వాలతాయి. పగలు రాళ్లు తిప్పి, రెక్కల మొగ్గలు నల్లబడిన పిల్లపురుగులను ఏరు. అవి త్వరలో రెక్కలు విప్పేవి. వలగూడులో పెట్టి అదే నీళ్లలో ఉంచితే, విడిచిన పొర, పెద్దపురుగు రెండూ ఒకదానివేనని రుజువు నీ చేతిలో ఉంటుంది. ఆడ, మగ ఒకే జాతివో కాదో తేల్చడానికి డీఎన్‌ఏ బార్‌కోడ్, అంటే జాతిని గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క, సాయపడుతుంది. దానికి ఒక కాలు చాలు. ఆ కాలిని 95 శాతం ఆల్కహాల్‌లో వేరుగా ఉంచు, మిగతా ఒంటికి 80 శాతం సరిపోతుంది.

రంగులు మాత్రం పట్టిన రాత్రే రాసుకో. నేనొకసారి ఏళ్ల తరబడి ఆల్కహాల్‌లో ఉన్న నమూనా చూసి తల లేత గోధుమరంగు అని అచ్చు వేయించాను. తాజాది దొరికినప్పుడు చూస్తే నడినెత్తిన నల్లటి మచ్చ. ఆ తప్పు ఇంకా బాధిస్తుంది.

చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. నెలను రోమన్ అంకెల్లో రాయి. 3/7 అంటే ఒక దేశంలో జూలై, ఇంకో దేశంలో మార్చి.

హోలోటైప్‌ను, అంటే కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒక్క నమూనాను, బ్రెజిల్‌లోనే, సావో పాలో విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో ఉంచు. ఏ మ్యూజియంలో ఉంచావో వ్యాసంలో స్పష్టంగా రాయాలి, అది జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి షరతు. పారాటైపులన్నీ, అంటే వర్ణనకు వాడిన మిగతా నమూనాలన్నీ, మాత్రం ఒకేచోట పెట్టకు. 2018 సెప్టెంబరులో రియో నేషనల్ మ్యూజియం తగలబడినప్పుడు కీటకాల సేకరణలో చాలా భాగం బూడిదైంది. కనీసం రెండు ఊళ్లకు పంచు.

అప్పుడు పేరు. అనాక్రోన్యూరియా లాటిన్ లెక్కలో స్త్రీలింగం, విశేషణం పెడితే దాని తోక కూడా అలాగే ఉండాలి. ఆన్‌లైన్ పత్రికకు పంపితే జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక జూబ్యాంక్‌లో నమోదు చేసిన సంగతి వ్యాసంలోనే కనిపించాలి.

బొమ్మలు గీశాక ముందు నాకు పంపు. ప్రతిదాని పక్కనా స్కేలు గీత పెట్టు.

మీ మాస్టారు