బఫర్ ఎన్నిసార్లు మార్చావు?

అమ్మలూ,

నీకు పీహెచ్‌డీ సీటొచ్చిందనీ, గాలెక్టిన్-3 మీద పని చేస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో ఊళ్లో అందరికీ చెప్పేశాను, రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. నన్ను ఏడిపించిన, చక్కెరల్ని పట్టుకునే ఆ ప్రోటీనే కదా అది.

నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. మధ్యాహ్నం తిండి మానకు. ఈ.కోలై బాక్టీరియాలో చేసిన ప్రోటీన్‌ని మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాల మీద వేసేముందు ఎండోటాక్సిన్, అంటే ఆ బాక్టీరియా విషం, ఉందేమో చూసుకో, లేకపోతే బాక్టీరియా చేసిన గొడవ ప్రోటీన్ ఖాతాలో రాస్తావు.

ఇక నా సంగతి. లాక్టోజ్ అనే పాల చక్కెర అతికించిన పూసల కాలమ్‌లో పోస్తే గాలెక్టిన్ అంటుకుంటుంది, 100 మిల్లీమోలార్ గాఢతలో లాక్టోజ్ పోస్తే ఊడి వస్తుంది, ఆ లాక్టోజ్‌ని డయాలిసిస్‌లో, అంటే సన్న రంధ్రాల సంచీలో పోసి బఫర్ అనే ఉప్పు ద్రావణంలో నానబెట్టి, వదిలించాలి. నేనేమో కోల్డ్ రూమ్‌లో చలికి నిలబడలేక, 10 మిల్లీలీటర్ల సంచీని అర లీటరు బఫర్‌లో ఒక్క రాత్రి ఉంచి తీసేసేదాన్ని. లెక్క వేసుకో, దాదాపు 2 మిల్లీమోలార్ లోపలే మిగులుతుంది. ఎర్ర రక్తకణాలతో కలిపితే గుత్తులు కట్టి పరుచుకోవాలా, నాకు మాత్రం ప్రతి గుంటలోనూ బొట్టు పెట్టినట్టు ఒక ఎర్ర చుక్క. ప్రోటీన్ చచ్చిందనుకున్నా. నాలుగు నెలల్లో ఆరుసార్లు కొత్తగా చేశా, ఆరుసార్లూ అదే అర లీటరు! గైడ్‌కి చెప్పాలంటే భయం. చివరికి గ్లాసువేర్ కడిగే అటెండర్, "ఏంటమ్మా, అందరూ మూడు నాలుగుసార్లు నీళ్లు మారుస్తారు, మీరు ఒక్కసారేనా?" అన్నాడు. స్టోర్ రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. పాలల్లో ఉండే చక్కెర దాని నోరు నొక్కేస్తే, నేను నాలుగు నెలలు దాన్నే తిట్టాను.

పోల్చి చూడటానికి సుక్రోజ్ (మామూలు పంచదార) కంట్రోల్ కూడా పెట్టు, దాన్ని గాలెక్టిన్ పట్టుకోదు.

ఇంకోటి. గుండె, కాలేయం మచ్చకట్టి గట్టిపడటంలో గాలెక్టిన్-3 చెయ్యి ఉందని చదవగానే గుండె జబ్బుతో పోయిన మీ తాతయ్యే గుర్తొచ్చి ఉంటారు, నాకూ అంతే. అలాంటప్పుడే మనకు కావలసిన రిజల్టు కళ్లకు కనపడుతుంది, జాగ్రత్త. అమెరికాలో 2010లోనే గుండె వైఫల్యం రోగులకు దీని రక్తపరీక్ష అనుమతి పొందింది, కానీ కిడ్నీలు మందగించినా ఆ అంకె పెరుగుతుంది. ఇంట్లో అందరూ మందెప్పుడని అడుగుతారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకి దీన్ని అడ్డుకునే పీల్చే మందు 2023లో ట్రయల్లో విఫలమైందని చెప్పు, మీ మామయ్యకి రెండుసార్లు చెప్పు.

స్వెటర్ కొరియర్ చేస్తున్నాను, కోల్డ్ రూమ్‌లో వేసుకో. మొదటిసారి డయాలిసిస్ పెట్టిన రోజు మూడో బఫర్ మార్చాక ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ