గ్రిప్‌కి ఎం-సీల్ పెట్టే ముందు

చిరంజీవి అమ్మలూకి,

ఎయిర్ పిస్టల్‌కి కొత్త గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే చెక్క పిడి, కొనిపెట్టమని నాన్నని అడుగుతున్నావట. కొన్నాళ్లు ఆగు. కంపెనీ గ్రిప్పులు స్మాల్, మీడియం, లార్జ్ అని వస్తాయి. ఏ సైజు కొన్నా ఏదో ఒకచోట అరచేతికీ చెక్కకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందుని ఇంట్లోనే పూడ్చుకోవచ్చు. ఎం-సీల్ (రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే లప్పం), ఆకురాయి, గరుకు కాగితం చాలు.

ముందు ఒక పరీక్ష చెయ్యి. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, చెయ్యి కుదురుకున్నాక కళ్లు తెరువు. గొట్టం కొసన గురి చూసే మొన, అంటే ముందు సైటు, వెనక సైటు గాడికి నడుమ కనబడాలి. ప్రతిసారీ ఒకే పక్కకి పోతుంటే మణికట్టు తిప్పి సరిచేయకు. 60 షాట్లు, గంటా పావు మ్యాచ్. మణికట్టు చివరిదాకా ఒకేలా నిలవదు. సైటు అర మిల్లీమీటరు జరిగితే పది మీటర్ల దూరంలో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది, పది పాయింట్లు కాస్తా తొమ్మిదవుతాయి. గ్రిప్ కోణం మార్చే స్క్రూలు నీ పిస్టల్‌కి ఉంటే ముందు వాటితోనే చూడు. వాటితో కుదిరిపోతే ఎం-సీల్ జోలికే వెళ్లకు.

కుదరకపోతే, అరచేతికి సుద్దపొడి రాసుకుని గ్రిప్ పట్టుకో. పొడి అంటని చోటే సందు. చాలామందికి అరచేతి నడిమి గుంటలోనే ఉంటుంది.

ఇక పని. పిస్టల్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, గాలి సిలిండర్ ఊడదీసి, గ్రిప్ విప్పు. సందున్న చోట చెక్కని గరుకు కాగితంతో రుద్దితేనే ఎం-సీల్ పట్టుకుంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా పిసికి, పల్చగా అద్దు. ఎక్కువ పెడితే అరగదీయడానికే ప్రాణం పోతుంది. ఇనుప భాగాలకి టేపు చుట్టి గ్రిప్ మళ్లీ బిగించు. ముద్ద మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, రేంజ్‌లో నిలబడే భంగిమలోనే నిలబడి, మామూలుగా పట్టుకునే బిగువుతో పట్టుకో. కుర్చీలో కూర్చుని పట్టుకుంటే అచ్చు వేరేలా పడుతుంది. అచ్చు పడ్డాక వేళ్లు మెల్లగా తీసి, రాత్రంతా ఆరనివ్వు.

అరగదీసేటప్పుడు గ్రిప్ మళ్లీ విప్పాలి, ఆ పొడి ట్రిగ్గర్‌లోకి పోకూడదు. మాస్క్ కూడా పెట్టుకో. ట్రిగ్గర్ వేలు ఎక్కడా చెక్కకి తగలకూడదు. తగిలితే నొక్కిన ప్రతిసారీ పిస్టల్ పక్కకి నెట్టుకుపోతుంది. నన్నడిగితే సందు పూడ్చడం కన్నా ఇదే ముఖ్యం, పిల్లలు పట్టించుకోరు గానీ.

అయ్యాక వెంటనే ఇంకో చోట మొదలుపెట్టకు. కొత్త పట్టుకి చెయ్యి అలవాటుపడాలి. వారం రోజులు షూట్ చేసి, కళ్లు మూసుకునే పరీక్ష మళ్లీ చెయ్యి.

ఇక పోటీ రూల్స్ సంగతి. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. మనం పూత పెట్టేది పక్కలకి కాబట్టి వెడల్పు కొలత అయిన ఆ 50 దగ్గరే చిక్కొస్తుంది. బొటనవేలు పైకి స్వేచ్ఛగా కదలాలి. గ్రిప్ అడుగున అరచెయ్యి ఆనే మెట్టు పైకి వంగకూడదు, గ్రిప్ మణికట్టుకి తగలకూడదు. మ్యాచ్‌కి ముందే మీ కోచ్ సార్‌కి చూపించి కొలిపించు.

మీ బాబాయి