ఆ రాయి నేలను చేరేది ఎప్పుడు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. భౌతిక శాస్త్రంలో సూత్రాలన్నీ అడగ్గానే అప్పజెబుతాడు కానీ లెక్క ఇస్తే తప్పు చేస్తాడు. మొన్న 40 మీటర్ల ఎత్తున్న గోపురం పైనుంచి ఒక రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంతసేపటికి నేలను చేరుతుందో కనుక్కోమన్నారు. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొమ్మన్నారు. మావాడికి 2 సెకన్లు వచ్చింది, పుస్తకంలో 4 అని ఉంది. నేను బీయస్సీ చదివి ఇరవయ్యేళ్ళు దాటింది. వాడికి ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా పుస్తకాన్ని పక్కన పెట్టించి, రాయిని విసరకుండా ఊరికే జారవిడిస్తే ఎంతసేపు పడుతుందో అడగండి. పడిన దూరం త్వరణంలో సగాన్ని కాలవర్గంతో గుణిస్తే వస్తుంది; కాలాన్ని టి అనుకుంటే 40 = 5టి² కనుక సుమారు 2.83 సెకన్లు వస్తుంది. జారవిడిచిన రాయికే అంతసేపు పడితే, పైకి వెళ్ళి ఆగి మళ్ళీ రావలసిన రాయి 2 సెకన్లలో ఎలా దిగిందో చెప్పమనండి. ఇక్కడ అతను కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే కూర్చోనివ్వండి. మనం తొందరపడి జవాబు అందించేది సాధారణంగా ఈ క్షణంలోనే, పిల్లవాడి ఆలోచన మొదలయ్యేదీ ఈ క్షణంలోనే.

అతను 40 = 10టి + 5టి² అని రాసి ఉంటాడు. అందులో తొలి వేగం, త్వరణం, స్థానభ్రంశం (బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి దిశతో సహా ఉన్న దూరం) మూడింటికీ ధన గుర్తే ఉంది, అంటే మూడూ ఒకే దిశలో ఉన్నాయని అర్థం. కాబట్టి ఆ 2 సెకన్లు రాయిని అదే వేగంతో కిందికి విసిరినప్పుడు పట్టే కాలం. ఈ సంగతి అతనికి తప్పక చెప్పండి, ఎందుకంటే తనకు వచ్చిన జవాబు మరో లెక్కకు సరైనదేనని తెలిసిన పిల్లవాడు లెక్కను విసుక్కోకుండా మళ్ళీ చేతిలోకి తీసుకుంటాడు.

ఇప్పుడు గోపురం బొమ్మ గీయించి, పక్కన పైకి బాణం వేయించి, ‘పైకి ధనం’ అని రాయించండి. రాయి చేతిని వదిలిన చోటు సున్న. తొలి వేగం +10, త్వరణం −10, నేల ఆ సున్నకు దిగువన ఉంది కనుక స్థానభ్రంశం −40. అప్పుడు −40 = 10టి − 5టి², అంటే టి² − 2టి − 8 = 0, మూలాలు 4, −2. కిందికి ధనం అనుకున్నా మూడింటి గుర్తులూ కలిసే మారతాయి కనుక జవాబు మారదు. ‘పైకి పోతే రుణం, కిందికి వస్తే ధనం’ అని త్వరణాన్ని వల్లె వేయించడం వల్లనే చాలామంది పిల్లలు దారి మధ్యలో గుర్తు మారుస్తున్నారు. రాయి ఎక్కుతున్నా, పైన ఒక్క క్షణం ఆగినా, దిగుతున్నా గురుత్వ త్వరణం కిందికే ఉంటుంది.

కాలం రుణంగా ఉండదంటూ −2ను కొట్టివేయించడం మన తరగతుల్లో ఆనవాయితీ, అది నాకు సమ్మతం కాదు. అదే రాయిని 2 సెకన్లకు ముందు నేల మీది నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో విసిరారనుకోండి. అది 60 − 20 = 40 మీటర్లు ఎక్కి, సరిగ్గా గోపురం పైభాగాన్ని సెకనుకు 10 మీటర్ల వేగంతోనే దాటుతుంది. సమీకరణం ఆ దారి మొత్తాన్నీ చూపించింది, మనకు అందులో రెండో భాగమే కావాలి. నేలను తాకేటప్పుడు రాయి వేగం ఎంతో మీ అబ్బాయిని కనుక్కోమనండి. అక్కడా 30 వచ్చినప్పుడు అతని ముఖం చూడండి.

ప్రశ్న: వెళ్ళేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు 60 కిలోమీటర్లు పోతే సగటు వేగం 50 అని తొమ్మిదో తరగతి చదివే మా చెల్లెలి కూతురు వాదిస్తోంది. 48 అంటే నమ్మడం లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సూత్రం చెప్పకండి, దూరం 120 కిలోమీటర్లనుకోమనండి. వెళ్ళడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు, మొత్తం 240 కిలోమీటర్లకు 5 గంటలు, అంటే 48. బండి నెమ్మదిగా నడిచిన కాలమే ఎక్కువ కనుక సగటు అటు మొగ్గింది. తర్వాత, ఒక గంట 40తోనూ మరో గంట 60తోనూ నడిపితే ఎంతో అడగండి. ఆమె చెప్పిన 50 అక్కడ సరిపోతుంది.