ఎస్‌వీఎన్ సర్వర్ చూసుకోబోయే అమ్మలుకి

అమ్మలూ,

మీ టీమ్ కోడ్ ఫైళ్లనూ వాటిలో జరిగిన ప్రతి మార్పునూ దాచే సబ్‌వెర్షన్ (ఎస్‌వీఎన్) సర్వర్ బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. దాంతోపాటు బెంగగానూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ట్రంక్ (అసలు కోడ్), బ్రాంచెస్ (విడిగా పనిచేసుకునే కాపీలు), ట్యాగ్స్ (రిలీజ్‌కి గుర్తుగా ఉంచే కాపీలు) ఎందుకో నీకు తెలుసు. పొద్దున రాగానే అప్‌డేట్ చేసి సర్వర్‌లోని కొత్త మార్పులు తెచ్చుకో, కమిట్‌కి (నీ మార్పులు సర్వర్‌కి పంపడానికి) ముందు మళ్లీ అప్‌డేట్, బిల్డ్ అయితేనే కమిట్. కమిట్ మెసేజ్‌లో "ఫిక్స్" అని ఒక్క ముక్క పడేసి ఊరుకోకు, ఎందుకు మార్చావో రాయి. ఎక్సెల్ షీట్లు, బొమ్మల ఫైళ్లు మెర్జ్ కావు (ఇద్దరి మార్పులూ ఒకటిగా కలవవు) కాబట్టి వాటికి నీడ్స్-లాక్ ప్రాపర్టీ పెట్టు, ముందు లాక్ తీసుకున్నవాళ్లే మార్చేలా.

నా భయమంతా కాన్‌ఫ్లిక్ట్ దగ్గరే, అంటే ఇద్దరూ అవే లైన్లు మార్చినప్పుడు వచ్చే గొడవ దగ్గర. రిలీజ్ హడావుడిలో అది ఎదురవగానే చాలామంది మైన్-ఫుల్ (మొత్తం నాదే ఉంచు) ఎంచుకుని చేతులు దులుపుకుంటారు. ఏమవుతుందో చూడు. ప్రతి కమిట్‌కీ సర్వర్ ఒక రివిజన్ నంబరు ఇస్తుంది కదా, ఫీజు లెక్కల ఫైలు 412వ రివిజన్ మీద నువ్వు పనిచేస్తున్నావు. ఈలోగా పక్క సీటబ్బాయి అదే ఫైల్లో రెండుచోట్ల మార్చి 415గా కమిట్ చేశాడు. ఒకటి నువ్వు ముట్టుకున్న లైన్లే. రెండోది ఎక్కడో కింద, రౌండింగ్ తప్పు దిద్దాడు. అప్‌డేట్ చేస్తే పైచోటే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, కింది మార్పు దానంతటదే కలుస్తుంది. అప్పుడు మైన్-ఫుల్ అన్నావో, ఫైలంతా నీ కాపీ అయిపోతుంది. ఏ గొడవా లేని రౌండింగ్ దిద్దుబాటూ ఎగిరిపోతుంది. సబ్‌వెర్షన్ నోరెత్తదు. తేల్చేశానని నువ్వే చెప్పావు కదా, 416గా కమిట్ తీసుకుంటుంది. లాగ్‌లో 415 అలాగే కనిపిస్తుంది కాబట్టి అతనికీ అనుమానం రాదు. పాత తప్పు మళ్లీ బయటపడ్డ రోజున మాటలు పడేది మాత్రం అతనే.

అందుకే పోస్ట్‌పోన్ (తర్వాత తేలుస్తాను) నొక్కు. ఫైలు పక్కన డాట్ మైన్ (నీది), డాట్ ఆర్412 (పాతది), డాట్ ఆర్415 (అతనిది) అని మూడు కాపీలు వస్తాయి. ఆ అబ్బాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో, ఫైల్లో సబ్‌వెర్షన్ పెట్టిన గుర్తుల మధ్య ఉన్న లైన్లు ఇద్దరూ కలిసి సరిచేయండి. బిల్డ్ చేసి, ఆ తర్వాతే గొడవ తేలిందని చెప్పే రిజాల్వ్ కొట్టు. కమిట్‌కి ముందు డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపేది) తప్పకుండా చదువు. నువ్వు తీయని లైన్లు మైనస్ గుర్తుతో కనిపిస్తే అక్కడే ఆగు, అవి ఇంకొకరి కష్టం.

పొరపాటు అప్పటికే జరిగిపోతే కంగారుపడకు, 415 చరిత్రలో భద్రంగా ఉంటుంది. నీ మార్పులు విడిగా దాచుకో. అప్‌డేట్ చేసి, మైనస్ 416తో రివర్స్ మెర్జ్ చేస్తే, అంటే ఆ కమిట్‌ను వెనక్కి తిప్పితే, ఫైలు 416కి ముందున్న స్థితికి వస్తుంది. దానిమీద నీవి మళ్లీ జాగ్రత్తగా కలుపు. ఈ పని రాత్రి నిద్రమత్తులో పెట్టుకోకు తల్లీ. తిని పడుకుని, పొద్దున చెయ్యి.

ఇంకొక్కటి. ఇలాంటి పనికే వాడే గిట్‌లో మామూలుగా ప్రతి క్లోన్‌లోనూ (ఒక్కొక్కరు దించుకున్న కాపీలోనూ) చరిత్ర ఉంటుంది. ఇక్కడ చరిత్రంతా సర్వర్‌లోనే, మీ మిషన్లలో ఉండేది చెకౌట్ చేసిన (సర్వర్ నుంచి దించుకున్న) రివిజన్ మాత్రమే. ఆ సర్వర్ డిస్క్ పోతే పాత రివిజన్లన్నీ పోయినట్టే. కమిట్లు నడుస్తుండగా సర్వర్‌లో ఆ చరిత్ర ఉన్న ఫోల్డర్‌ను మామూలుగా కాపీ చేస్తే సగం సగం కాపీ రావచ్చు, అందుకని కమిట్లు నడుస్తున్నా సరైన కాపీ తీసే ఎస్‌వీఎన్‌అడ్మిన్ హాట్‌కాపీ ఆదేశమే వాడు. రోజూ రాత్రి వేరే మిషన్ మీదికి తీయించి, ఆ కాపీ చెడిపోలేదని చూసుకోవడానికి దాని మీద వెరిఫై నడుపు. అందులోంచి ఓ పాత రివిజన్ నీ చేత్తో చెకౌట్ చేసి చూసేదాకా బ్యాకప్ ఉందని మీ మేనేజర్‌తో అనకు.

ఆశీస్సులతో,
పెదనాన్న